దీవుల్లో గుడారాల విడిది: పడవ వేళను బట్టే ప్రయాణ ప్రణాళిక

కాటేదాన్ (రంగారెడ్డి జిల్లా): కాటేదాన్ పారిశ్రామికవాడ, శంషాబాద్ విమానాశ్రయ పరిసరాల్లో నివసించే కుటుంబాలు దీవిలో రెండు రోజుల సెలవు గడపడానికి సముద్రతీరం వరకు వెళ్ళనవసరం లేదు. ఉదయం బయలుదేరితే అదే పూట చేరుకోగల దీవులు కృష్ణా జలాశయాల్లోను, ములుగు జిల్లాలోని లక్నవరం చెరువులోను ఉన్నాయి. అయితే గుడారం, వంటపాత్రలు సర్దుకొనే ముందే తేల్చుకోవలసిన విషయాలు మూడు ఉన్నాయి. ఆ దీవిలో రాత్రి బసకు అనుమతి ఉన్నదా? జలాశయంలో నీటిమట్టం ఎంత? తిరుగు పడవ ఎప్పుడు? రహదారి ప్రయాణంలో ఆలస్యమైతే అరగంట తరువాత మరో బస్సు దొరుకుతుంది. దీవిలో చివరి పడవ తప్పితే అటువంటి వెసులుబాటు ఉండదు. కనుక ప్రణాళికను ఇంటి నుంచి కాక, తిరుగు పడవ వేళ నుంచి వెనుకకు లెక్కించుకోవడం మేలు.

నగరవాసులకు మొదట గుర్తుకు వచ్చేది నాగార్జునకొండ. అవుటర్ రింగురోడ్డుపై బొంగ్లూరు వద్ద దిగి, ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ చేరవచ్చు. దూరం సుమారు 150 కిలోమీటర్లు. ఆ దీవి నిజానికి ఒక కొండ శిఖరం. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధానిగా విలసిల్లిన విజయపురి లోయ జలాశయంలో మునిగిపోనున్నందున, 1954 నుంచి 1960 వరకు అక్కడ భారీ ఎత్తున తవ్వకాలు సాగాయి. బయల్పడిన ముఖ్య కట్టడాలను కొండపైన, తూర్పు ఒడ్డున అనుపు వద్ద తిరిగి నిర్మించారు. కుడిగట్టున విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీలో దీవికి చేరాలి. ఇది పురావస్తు శాఖ రక్షిత ప్రాంతం కాబట్టి రాత్రి బసకు, గుడారాలకు తావు లేదు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ ఒక్క సంగతి తెలియక పిల్లలతో వెళ్ళి, మూసిన తలుపులు చూసి తిరిగి వచ్చేవారు లేకపోలేదు. పగలు దీవి చూసి, రాత్రికి ఒడ్డున అనుమతి ఉన్న విడిదిలో ఉండడమే ఇక్కడ సాధ్యమయ్యే పద్ధతి.

దీవిలోనే రాత్రి గడపాలనుకునే వారికి లక్నవరం అనువైనది. గోవిందరావుపేట మండలంలోని ఈ చెరువు కాకతీయుల కాలం నాటిది. కొండల నడుమ నీరు నిలిచినందున గుట్టల శిఖరాలే దీవులుగా మిగిలాయి. వేలాడే వంతెనతో కలిపిన దీవిలో పర్యాటక శాఖ కాటేజీలు ఉండగా, పడవలో మాత్రమే చేరుకోగల మూడవ దీవిలో 2024 నవంబరులో విడిది ప్రారంభమైంది. శంషాబాద్ వద్ద అవుటర్ రింగురోడ్డు ఎక్కి, ఘట్‌కేసర్ వద్ద దిగి, వరంగల్, ములుగు మీదుగా వెళ్ళాలి. రెండేళ్ళకొకసారి మేడారం జాతర జరిగే మాఘమాసపు రోజుల్లో ఈ మార్గంలో ప్రయాణం పెట్టుకోకపోవడమే ఉత్తమం.

సోమశిల సంగతి వేరు. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా చేరే ఈ రేవు వద్ద శ్రీశైలం జలాశయం దీవులతో, నల్లమల కొండలతో కనువిందు చేస్తుంది. నీరు చాలినంత ఉన్న నెలల్లో పర్యాటక సంస్థ ఇక్కడి నుంచి శ్రీశైలానికి లాంచీ నడుపుతున్నది. ఆ ‘చాలినంత’ అన్న మాటలోనే అసలు విషయం ఉన్నది. శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు, సాగర్‌ది 590 అడుగులు. జూలై నుంచి అక్టోబరు మధ్య వరదలతో జలాశయాలు నిండుతాయి. సాగునీటికి, విద్యుదుత్పత్తికి విడుదల చేసే కొద్దీ వేసవి నాటికి మట్టం తగ్గిపోతుంది. నవంబరులో దీవిగా కనిపించిన గుట్ట ఏప్రిల్ నాటికి ఒడ్డుతో కలిసిపోవచ్చు. నీరు తీసిన మేర ఒండ్రు పైకి ఆరినట్లు కనిపించినా అడుగున మెత్తగా ఉండి కాలు దిగబడుతుంది. అటువంటి నేలపై గుడారం వేయరాదు. ఎగువన గేట్లు ఎత్తినప్పుడు గాని, విద్యుత్ కేంద్రం నడిచినప్పుడు గాని దిగువన కొద్ది గంటల్లోనే నీరు పెరుగుతుంది. పగలు ఎంచుకున్న చదునైన ఇసుకమేట తెల్లవారేసరికి నీటి అంచు కావచ్చు. కృష్ణలో మొసళ్ళు కూడా ఉన్నాయి. జలాశయాల మట్టాలు పత్రికల్లో నిత్యం వస్తూనే ఉంటాయి. వాటిని రైతులకు సంబంధించిన అంకెలుగానే కాక, పర్యాటకుల హెచ్చరికగా కూడా ప్రచురిస్తే మేలు జరుగుతుంది.

ఒడ్డున చాలా భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్య పరిధిలోనిది. అటవీశాఖ అనుమతి లేనిదే అక్కడ బస చేయరాదు. అడవికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం. పౌర్ణమి రాత్రి చలిమంట లేని విడిదా అని కొందరు నిరుత్సాహపడవచ్చు గాని, ఎండుగడ్డి నిండిన నల్లమలలో ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక పడవ. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద కృష్ణా, గోదావరి జలాల పవిత్ర సంగమంలో అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం నాడు పాపికొండల విహారానికి బయలుదేరిన బోటు గోదావరి వరద ఉద్ధృతిలో కచ్చులూరు వద్ద మునిగిపోయింది. అందులో ఉన్న 77 మందిలో ప్రాణాలతో బయటపడినవారు 26 మంది మాత్రమే. తమ చిన్న పడవలతో ఎదురువెళ్ళి వారిని ఒడ్డుకు చేర్చింది కచ్చులూరు గిరిజనులు. మృతుల్లో హైదరాబాద్, వరంగల్ ప్రాంతాల నుంచి సెలవు గడపడానికి వెళ్ళినవారు ఉన్నారు. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం ప్రకారం పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ ధ్రువపత్రం, ప్రాణరక్షణ సామగ్రి ఉండాలి. ప్రయాణికుడు చూడవలసినవి ఇంకా సులువైనవి. పడవపై పరిమితి సంఖ్య రాసి ఉన్నదా? ఎక్కినవారు అంతకు మించారా? ప్రతి ఒక్కరికీ, పిల్లలకు వారి కొలతకు తగినట్లుగా, లైఫ్ జాకెట్ ఉన్నదా? ఉక్కగా ఉన్నదని జాకెట్ విప్పి ఒళ్ళో పెట్టుకుంటే అది దిండుతో సమానం. టికెట్ ఇవ్వని పడవను, తక్కువ రేటుకు దింపుతామనే పుట్టిని ఎక్కరాదు. ఒడ్డున ఉన్న బంధువులకు పడవ పేరు, తిరుగు వేళ చెప్పి వెళ్ళాలి, ఎందుకంటే లోయలో చాలాచోట్ల సెల్‌ఫోన్ సంకేతం అందదు.

సామాను విషయంలో రెండే మాటలు. తాగునీరు మనిషికి రెండు రోజులకు సరిపడా వెంట ఉండాలి. గ్యాస్ పొయ్యి, కిరోసిన్ వంటివి ప్రయాణికుల పడవలో ఎక్కించరాదు, కాబట్టి వంట బదులు పులిహోర, చపాతీ వంటి నిలవ ఉండే ఆహారం తీసుకువెళ్ళడం సుళువు.

సోమశిల నుంచి లాంచీలో శ్రీశైలం చేరి రోడ్డు మార్గాన తిరిగి వచ్చేవారు మరొక వేళ కూడా గుర్తుంచుకోవాలి. దోమలపెంట, మన్ననూరు మధ్య అడవి మార్గంలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. లాంచీ ఆలస్యమైన రోజున హడావుడిగా ఘాట్ రోడ్డు ఎక్కడం కంటే శ్రీశైలంలోనే గది తీసుకొని, తెల్లవారిన తరువాత బయలుదేరితే మధ్యాహ్నానికి కాటేదాన్ చేరవచ్చు.