వికారం: పైత్యమని సరిపెట్టుకోకూడని వేళలు

వాంతి రాబోతున్నట్లు కలిగే బాధను వికారం అంటారు. ఇది తనంతట తాను వ్యాధి కాదు. మెదడు అడుగున, వెన్నుపాముకు పైన ఉండే మజ్జాముఖానికి రక్తంలోని విషపదార్థాల వల్ల, జీర్ణకోశం నుంచి వచ్చే వేగస్ నాడి ద్వారా, శరీర సమతుల్యతను కాపాడే లోపలి చెవి నుంచి అందే హెచ్చరికల ఫలితం. అందువల్లనే చెడిన ఆహారం, ఘాట్ రోడ్డు ప్రయాణం, పార్శ్వపు తలనొప్పి, మూత్రపిండాలు విఫలమైనప్పుడు రక్తంలో పేరుకునే వ్యర్థాలు ఒకే విధమైన బాధను కలిగిస్తాయి. కారణాన్ని గుర్తించాలంటే అది ఎప్పుడు మొదలైందో, దానితోపాటు ఏ లక్షణాలున్నాయో చూడాలి.

నిల్వ ఆహారంలో స్టాఫిలోకాకస్ బాక్టీరియా విడుదల చేసిన విషం, ఆ ఆహారం తిన్న 1 నుంచి 6 గంటల్లోపే వాంతులు పుట్టించి, సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, ఐరన్ మాత్రల వల్ల వికారం కలిగితే వాటిని సొంతంగా మానేయక, మోతాదు మార్పు గురించి వైద్యుణ్ణి అడగాలి. గర్భిణులలో వేవిళ్ళు సహజమే అయినా, మంచినీళ్ళు కూడా ఇమడక బరువు తగ్గుతుంటే ఆసుపత్రి చికిత్స అవసరం.

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు గుండెపోటును గ్యాస్ అనుకోవడం. గుండె అడుగుభాగం ఉదరవితానానికి, అంటే ఛాతీని పొట్టను వేరుచేసే కండరానికి, ఆనుకొని ఉంటుంది కనుక అక్కడ రక్తప్రసరణ ఆగినప్పుడు బాధ పొట్ట పైభాగంలో, వికారంగా తోచవచ్చు. స్త్రీలలో, వృద్ధులలో, మధుమేహులలో ఛాతీ నొప్పి స్పష్టంగా లేకపోవడమూ ఉంది. చల్లని చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి తోడైతే సోడా తాగి పడుకోవడం ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోన్ చేయాలి. పురుగుమందు పిచికారీ చేసిన రైతుకు వికారంతోపాటు చొంగ కారడం, చూపు మసకబారడం కనిపిస్తే, మందు డబ్బాతో సహా తక్షణం ఆసుపత్రికి చేర్చాలి.

వాంతిలో రక్తం లేదా ఆకుపచ్చని పైత్యరసం, మెడ బిగుసుకుపోయే తలనొప్పి, విడవని కడుపునొప్పి, మగత ఉన్నప్పుడు కూడా ఆలస్యం తగదు. పసిపిల్లలు మూత్రం పోయడం తగ్గి, నీరసించి పడి ఉంటే నీటి కొరత ముదిరినట్లే. సాధారణ వాంతుల్లో ఓఆర్‌ఎస్ పొట్లాన్ని, దానిపై రాసిన కొలత మేరకు శుభ్రమైన నీటిలో కలిపి, ఒక్కసారిగా గ్లాసెడు పట్టించకుండా చెంచాతో కొద్దికొద్దిగా తాగిస్తుండాలి.