కడిగితే వచ్చే బొమ్మ

మన ఊళ్లలో ఫొటోలు ‘కడిగించడం’ అనేవారు. కడిగితే మరక పోతుంది, రంగు పోతుంది. బొమ్మ మాత్రం కడిగితేనే వస్తుంది.

మా అన్నయ్య కూతురు ఇంటర్ పరీక్షలయ్యాక డార్క్‌రూమ్ పని నేర్పమని వచ్చింది. ఎన్‌లార్జర్ కింద ఎనిమిది సెకన్లు వెలుగు పడ్డ బ్రోమైడ్ పేపరు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసింది. “ఏం పడలేదు బాబాయ్” అంది.

పడింది. పేపరు మీది జెలటిన్ పొర నిండా సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు. వెలుగు తగిలిన స్ఫటికంలో కొన్ని అయాన్లు ఎలక్ట్రాన్లు అందుకుని వెండి పరమాణువులవుతాయి. ఒకచోట నాలుగు పోగైతే చాలు, గుర్తు పడ్డట్టే. కోట్ల అయాన్ల మధ్య నాలుగు పరమాణువులు ఏ కంటికి ఆనుతాయి? డెవలపర్ ద్రావణం ఆ గుర్తు దగ్గర మొదలుపెట్టి, ఎలక్ట్రాన్లు అందిస్తూ స్ఫటికం మొత్తాన్నీ వెండిగా మార్చేస్తుంది. గుర్తులేని స్ఫటికం జోలికి అంత త్వరగా పోదు. ఆ సన్నటి వెండే మనకు నలుపుగా కనిపిస్తుంది. ఇలా దాగి ఉండే బొమ్మను 1840లో ఇంగ్లండులో టాల్బట్ పసిగట్టాకే, గంటసేపు కావాల్సిన ఎక్స్‌పోజరు నిమిషాల్లోకి వచ్చింది.

అన్ని జెలటిన్లూ ఒకేలా పనిచేయవు. కారణం వెతికిన కొడాక్ శాస్త్రవేత్త శామ్యూల్ షెప్పర్డ్‌కు 1920లలో గంధక సమ్మేళనాలు దొరికాయి, ఆవాలకు ఘాటునిచ్చే పదార్థం లాంటివి. ఈ మాట చెప్పగానే మా పిల్లకు ఆవ పెట్టిన పనసపొట్టు కూర గుర్తొచ్చింది. ఇక ఆ పాఠం మరచిపోదు.

పేపరుకు ఎరుపు కనబడదు కాబట్టి ఎర్రలైటు కింద పని నడుస్తుంది. ఫిల్ముకు అన్ని రంగులూ కనబడతాయి. దాన్ని ట్యాంకు రీలుకు చుట్టడం కటిక చీకట్లోనే. ఇది మాటలతో నేర్పేది కాదు. పనికిరాని ఫిల్ముతో ముందు వెలుగులో, తర్వాత కళ్లు మూసుకుని, ఆపైన చీకట్లో చుట్టించాను. ఫిల్ము గాడి తప్పితే చిన్న చప్పుడవుతుంది. నాకు నేర్పిన స్టూడియో మాస్టారు నా వేళ్ల మీద తన వేళ్లుంచి ఆ చప్పుడు వినిపించారు. నేనూ అలాగే చేశాను. అంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. మే నెలలో డెవలపర్‌ను 20 డిగ్రీలకు దించడానికి ట్రే కింద ఐసు నీళ్ల ట్రే పెట్టడం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

పేపరు మీద బొమ్మ తేలగానే పిల్ల లైటు వేయబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. మిగిలిన సిల్వర్ బ్రోమైడ్ వెలుగుకు నల్లబడుతుంది, ముందు అది హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంలో కరిగిపోవాలి. హైపోకు ఆ గుణముందని శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. ఫొటోకు దాని అవసరం పడింది మాత్రం 1839లో. ఆ హైపో కూడా పేపరులో మిగలకూడదు. మిగిలితే అందులోని గంధకం ఏళ్ల మీద వెండిని పసుపెక్కిస్తుంది. మా ఇంటి పాత పెళ్లి ఆల్బమ్ తెరిచి చూపించాను.

ఆ రాత్రి భోజనానికి పిలిచినా రాలేదు. గంటసేపు తొట్టి దగ్గరే కూర్చుని నీళ్లు మారుస్తూ ఉంది.