చలికి కాదు... చినుక్కి భయం!

మంచు కరిగీ కరగ్గానే రాతి పగుళ్లలోంచి గుప్పెడు పసుపు చల్లినట్టు పూలు! యూరప్‌లోని ఆల్ప్స్ కొండల మీద ఆ సందడి చేసే మొక్కల్లో 'డ్రాబా ఐజాయిడిస్' ఒకటి. ఇంగ్లిష్ వాళ్లు 'యెల్లో విట్లోగ్రాస్' అంటారు. విట్లో అంటే గోరుచుట్టు. ఈ జాతి మొక్కలు దానికి మందని ఒకప్పుడు నమ్మేవారు మరి. పేరులో గ్రాస్ ఉన్నా ఇది గడ్డి కాదు, మన ఆవాల మొక్కకు చుట్టం. నాలుగు రేకులూ అచ్చం ఆవపువ్వులానే ఉంటాయి.

ఎత్తు పది సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంచుల్లో బిరుసు నూగున్న ఆకులు చిన్న చిన్న గుత్తులుగా ఒకదాన్నొకటి ఆనుకుని నేలమీద మెత్తలా పరుచుకుంటాయి. కొండగాలి పైనుంచి జారిపోవడానికీ లోపల వెచ్చదనం నిలవడానికీ ఆ ఏర్పాటు.

గడ్డకట్టే చలిని తట్టుకునేది ఇంగ్లండ్ పెరట్లో హాయిగా బతికేస్తుందనుకుంటే పొరపాటే! దీన్ని చంపేది చలి కాదు, తడి. ఆల్ప్స్‌లో చలికాలమంతా మంచు దుప్పటి కింద పొడిగా నిద్రపోతుంది. బ్రిటన్‌లో ఆ నెలల్లోనే ముసురు. మెత్త అడుగున రాలకుండా ఉండిపోయిన పాత ఆకులు స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటాయి. పైకి అంతా పచ్చగానే ఉంటుంది. నడిమధ్య గోధుమరంగు మచ్చ కనిపించేసరికి లోపల కుళ్లు మొదలైపోయి ఉంటుంది.

అందుకే దీని పెంపకమంతా నీళ్లు నిలవకుండా చూడటమే. మట్టి సగం, సన్నటి రాతి గులక సగం. మొక్క మెడ చుట్టూ అంగుళం మందాన గులకే పరవాలి. నీళ్లు మెత్త మీద పోయకుండా పక్కనుంచి ఇవ్వాలి. చలికాలంలో పైన ఓ గాజు పలక అడ్డం పెట్టి, పక్కలు గాలికి వదిలేయాలి. ఎండ మాత్రం నిండుగా తగలాలి. ప్రేమ కొద్దీ ఎరువు వేశారో, బిగువు పోయి వదులుగా సాగిపోతుంది. ఇలాంటి కొండమొక్కల కోసమే లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో 2006లో డేవిస్ ఆల్పైన్ హౌస్ కట్టారు. నేల కింది కాంక్రీటు దారుల్లో చల్లబడిన గాలిని మొక్కల మీదికి పంపుతారక్కడ!

అంత హంగామా అక్కర్లేకుండానే ఇది బతికే చోటు బ్రిటన్‌లోనూ ఒకటుంది. వేల్స్‌లో స్వాన్సీ దగ్గరి గోవర్ తీరం. సముద్రం పక్కన సున్నపురాయి కొండచరియలు. వాన పడినా పగుళ్లలోంచి ఇట్టే జారిపోతుంది. బ్రిటన్ మొత్తమ్మీద ఇది సహజంగా పెరిగేది అక్కడే. ముచ్చటపడి పీకి తెస్తామంటే కుదరదు. స్థలం యజమాని అనుమతి లేకుండా అడవి మొక్కను వేళ్లతో పెకలించడం 1981 నాటి చట్టం ప్రకారం నేరం.

మన హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెంచొచ్చా? వద్దు. ఫ్రిజ్‌లో చలి చూపించి గింజ మొలిపించినా మన వేసవి రాత్రులు దాటదు. పసుపు పూల తివాచీ కావాలంటే కడియం నర్సరీల వైపు వెళ్లి గడ్డి గులాబీ తెచ్చుకోవడం మేలు. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లయితే శరదృతువులో గింజలు చల్లి తొట్టిని బయటే వదిలేయొచ్చు. చలి తగిలాకే, వసంతంలో మొలకలొస్తాయి.