కేకు చెడిందని పారేయకండి!



పిల్లల పుట్టినరోజుకో, క్రొత్త సంవత్సరానికో ఇంట్లో కేకు చేద్దామని సరదా పడతాం. గ్రుడ్లు, వెన్న, పంచదార అన్నీ ఖరీదైనవే. తీరా మూత తీసి చూస్తే నడుమ పెద్ద గుంట! "ఇది మన చేతయ్యే పని కాదులే" అని దాన్ని చెత్తబుట్టలో వేసేవారున్నారు. అలా చేయకండమ్మా. కేకు ఎందుకు చెడిందో దాన్ని చూస్తేనే తెలుస్తుంది. చాలావరకు బాగుచేసుకోనూ వచ్చు.

ముందు ఈ గుంట సంగతి చూద్దాం. తొందరపడి మధ్యలో మూత తీసినా, సోడా ఎక్కువైనా, లోపల ఉడకకపోయినా కేకు కుంగుతుంది. అల్లిక సూది గ్రుచ్చి చూడండి. పిండి అంటుకుంటే, వేడి మీదుండగానే పైన ఒక కాగితం కప్పి, మరో 10, 15 నిమిషాలు సన్నని సెగన ఉంచండి. చల్లారిపోయాక చూసుకున్నారా? ముక్కలు కోసి, లోపలి తడి పోయేదాకా పెనం మీద రెండు వైపులా కాల్చండి. గ్రుడ్డు పచ్చిగా ఉన్న కేకు పిల్లలకు పెట్టకూడదు సుమా! ఉడికి కూడా కుంగితే, ఆ గుంటలో కస్టర్డు, అరటిపండు ముక్కలు నింపండి. అది లోపమని ఎవరికీ తెలియదు.

కేకు మన మార్కాపురం పలకలా గట్టిగా వచ్చిందా? మైదా వేశాక గారెల పిండిలా గిలకొట్టి ఉంటారు. అలా చేస్తే మైదాలో జిగురు పుట్టి బిగిసిపోతుంది. అరకప్పు పంచదార, అరకప్పు నీళ్ళు మరిగించి, గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల బత్తాయిరసం కలపండి. కేకుకు సూదితో అక్కడక్కడ గ్రుచ్చి, ఈ పాకం చెంచాతో కొంచెం కొంచెంగా పోసి గంటసేపు మూతపెట్టండి. మెత్తబడుతుంది.

అడుగు మాడితే, పూర్తిగా చల్లారాక క్యారెట్టు తురిమే రేకుతో ఆ పొర గీకేయండి. ఓవెను లేక కుక్కరులో చేసేవారు అడుగున అంగుళం మందాన పొడి ఇసుక గాని, ఉప్పు గాని పోసి, దానిపై స్టాండు పెట్టాలి. నీళ్ళు పోయరాదు. రబ్బరు రింగు, వెయిటు తప్పక తీసేయాలి. ఉత్త కుక్కరు కాగితే పాడవుతుంది గనుక పాతది వాడుకోవడం మంచిది.

ఇక గిద్దలూరు, కంభం వైపు ఎండలు మీకు తెలియనివి కావు. వేసవిలో వెన్న గిన్నెలోనే నూనెలా కరిగిపోతుంది. వెన్న, పంచదార గిలకొట్టేటప్పుడు అందులో గాలి పట్టాలి. కరిగిన వెన్నకు గాలి పట్టదు, కేకు పొంగదు. అందుకని తెల్లవారుజామునే మొదలుపెట్టి, గిన్నెను కుండనీళ్ళ పళ్ళెంలో ఉంచి గిలకొట్టండి. గ్రుడ్లు వేశాక విరిగినట్టు కనిపిస్తే, కొలిచి పెట్టుకున్న మైదాలోంచే ఒక పెద్ద చెంచా వేసి కలిపితే సర్దుకుంటుంది.

బేకింగ్ పౌడరు కప్పు మైదాకు ఒక టీచెంచా చాలు. పాతదైతే వేడినీళ్ళలో చిటికెడు వేసి చూడండి. బుసబుస పొంగకపోతే అది పనికిరాదు. సోడా ఎక్కువై సబ్బు రుచి వచ్చిన కేకుకు మాత్రం మందు లేదు. కనుక సోడాను చేత్తో ఉజ్జాయింపుగా కాక, చెంచాతో కొలిచి వేయండి.

ఈసారి చేసినప్పుడు ఎంత సెగన, ఎన్ని నిమిషాలు ఉంచారో ఒక కాగితం మీద వ్రాసి పెట్టుకోండి. మీ పొయ్యికి, మీ గిన్నెకు ఏ లెక్క సరిపోతుందో అది చూస్తే తెలుస్తుంది.

మరి సెలవు.