వార్తల్లో పదం: డ్రైవర్ నామినేషన్

ఆస్ట్రేలియాలో స్పీడ్ కెమెరాకు కారు చిక్కితే, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వారికే నోటీసు వస్తుంది. అప్పుడు నడిపింది వేరొకరైతే వారి పేరు, చిరునామా అధికారులకు తెలపాలి. అదే డ్రైవర్ నామినేషన్. జరిమానాతోపాటు డీమెరిట్ పాయింట్లూ నడిపినవారి లైసెన్సుకే చేరతాయి.

దీన్నే లొసుగనుకుని దేశంలో లేనివాళ్ల పేర్లు రాసేవారున్నారు. ఫెడరల్ కోర్టు మాజీ జడ్జి మార్కస్ ఐన్‌ఫెల్డ్ అయితే ఏకంగా చనిపోయిన మనిషినే పట్టుకొచ్చారు! 2006లో సిడ్నీలో పడిన ఆ జరిమానా 77 డాలర్లే. తన కారును అమెరికా నుంచి వచ్చిన ప్రొఫెసర్‌కిచ్చానని కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. ఆమె 2003లోనే కన్నుమూశారని ఓ పత్రిక ఆరా తీసి బయటపెట్టింది. అబద్ధపు సాక్ష్యం, న్యాయప్రక్రియను పక్కదారి పట్టించడం అనే నేరాలను ఒప్పుకున్న ఆయనకు 2009లో 3 ఏళ్ల జైలుశిక్ష పడింది.