సంఘపు దస్త్రములు సభ్యుల సొత్తు

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వేకువజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు నేలగూలిన సంగతి మన ప్రాంతమున నెవ్వరును మరువజాలరు. అంతకు నాలుగేండ్లకు పూర్వము, 2014 అక్టోబరు 12వ తేదీన, విశాఖపట్టణమువద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుఫాను విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలను గూడ బాధించెను. గాలివాన వెలిసిన పిమ్మట రైతునకు కావలసినది సహాయము. సహాయమునకు ముందు కావలసినది కాగితము. అప్పెంత? కట్టినదెంత? బీమా సొమ్ము చెల్లించిన రసీదేది? వీనికి జవాబు సంఘపు బీరువాలో నుండవలెను. ఆ బీరువాయే తడిసినచో, లోపలి కాగితములకు చెదలు పట్టినచో, రైతు పక్షమున సాక్ష్యము చెప్పువారెవ్వరు?

1904లో సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది మొదలు మన సంఘములు వ్రాతమీదనే నిలిచియున్నవి. సభ్యుల రిజిస్టరు, చిట్టా, ఖాతా పుస్తకము, వోచర్లు, మినిట్సు పుస్తకము, ఇవియే సంఘమునకు ప్రాణము. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటర్ల నేర్పరచు పథకము నంగీకరించెను. ఇది మేలే. కాని జమాఖర్చులు కంప్యూటరు కెక్కినంతమాత్రమున దస్త్రములన్నియు భద్రమైనట్లు కాదు. పాలకవర్గపు తీర్మానములు, సభ్యు లిచ్చిన పత్రములు, పైఅధికారుల ఉత్తరువులు, పాత లెడ్జర్లు, వీనికి వేరు ఏర్పాటు కావలెను.

ఆ ఏర్పాటునకై పుట్టినవే దస్త్ర నిర్వహణ సాఫ్టువేరులు. వాని పనితీరు సులభముగా బోధపడును. కాగితమును స్కానరుతో ఫొటో తీయుదురు. దానికి సంఖ్య, తేదీ, సభ్యుని పేరు, విషయము జతచేయుదురు. ఎవరు చూడవచ్చునో, ఎవరు మార్చవచ్చునో ముందే నిర్ణయింతురు. ఒకరు మార్పు చేసినచో, ఎవరు, ఎప్పుడు చేసిరో నమోదగును. పాత ప్రతియు చెడదు. మంచి గుమాస్తా కొట్టివేతక్రింద పాత అంకె కనబడునట్లు ఒక్క గీత గీసి సంతకము చేయును గదా! ఇదియు నట్టిదే. సంఘపు ప్రకటనలు, ధరలు, సభల తేదీలు నలుగురికి తెలుపుటకు వేరొక తరగతి సాఫ్టువేరు కలదు. మొదటిది తాళము గల బీరువా. రెండవది వాకిటనుండు ప్రకటన పలక. ఈ రెంటిని కలిపివేయరాదు.

వీనిలో కొన్నిటిని ‘ఓపెన్ సోర్సు’ అందురు. దాని భావము రైతునకు విత్తనముతో చెప్పవచ్చును. మన వడ్లలోనుండి మనము విత్తనము తీసి దాచుకొందుము, పొరుగువానికి బదులిత్తుము, మన నేలకు తగినదానిని ఏరుకొందుము. ఏటేట కొనక తప్పని విత్తనము వేరు. సాఫ్టువేరును వాడుటకు, లోపలి వ్రాతను చదువుటకు, ఇతరుల కిచ్చుటకు, అవసరమునుబట్టి మార్చుటకు స్వేచ్ఛ యుండవలెనని అమెరికా దేశపు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఉద్యమము ప్రారంభించెను. ప్రకటనలకు 2001లో వెలువడిన డ్రూపల్, 2003నాటి వర్డ్‌ప్రెస్, దస్త్రములకు మాయన్, గ్రంథాలయములు విరివిగా వాడు 2002నాటి డీస్పేస్, ఇవన్నియు నట్టివే. భారత ప్రభుత్వము 2015లో తన కార్యాలయముల యందు ఓపెన్ సోర్సునకు ప్రాధాన్య మిచ్చు విధానమును ప్రకటించెను. తెలుగు వికీపీడియాయు 2003 మొదలు అట్టి సాఫ్టువేరు మీదనే నడచుచున్నది.

సొంత సాఫ్టువేరు అమ్మువారందరును చెడ్డవారని కాదు. కాని అమ్మినవారు వ్యాపారము మానినను, అద్దె పెంచినను, మన దస్త్రములు వారి తాళముక్రింద నుండిపోవు ప్రమాదము కలదు. ఒక మనిషికి ఒక వోటు అను సూత్రముపై నిలిచిన సంఘము తన జ్ఞాపకమునకు తాళపుచెవి పరుల చేతి కీయవచ్చునా?

తెలుగు లిపి విషయమున మరియొక జాగ్రత్త యవసరము. అచ్చుకూటములలో వాడు పాత ఫాంటులతో కొట్టిన తీర్మానము కంటికి తెలుగే గాని, ఆ ఫాంటు లేని కంప్యూటరునకు అర్థము లేని గుర్తులు మాత్రమే, వెదకిన దొరకదు. 1991 మొదలు తెలుగునకు స్థానమిచ్చిన యూనికోడు పద్ధతిలో వ్రాసినది ఎక్కడనైనను చదువబడును, వెదకబడును. స్కాను చేసిన అచ్చు కాగితములనుండి తెలుగు అక్షరములను గుర్తించు టెసరాక్ట్ అను సాఫ్టువేరును ఓపెన్ సోర్సే. అయితే చేతివ్రాత లెడ్జర్లకు దానిని నమ్మరాదు. వానికి మనిషియే విషయసూచిక వ్రాయవలెను.

ఓపెన్ సోర్సనగా ఖర్చు లేనిదని భ్రమపడరాదు. లైసెన్సు రుసుము లేకున్నను కంప్యూటరునకు, శిక్షణకు, మరమ్మతునకు సొమ్ము కావలెను. భద్రతకై వచ్చు సవరణలను ఎప్పటికప్పుడు చేర్చకున్నచో దొంగలకు తలుపు తెరచినట్లే. చిన్న సంఘ మొక్కటియే యీ బరువు మోయజాలదు. చెరువు మదుమునకు నాలుగూళ్లవారు కలిసి కావలివాని నుంచుకొన్నట్లు, ఇరుగుపొరుగు సంఘములు కలిసి ఒక నేర్పరిని నియమించుకొనుట మేలు. ప్రతి దస్త్రమునకు మూడు ప్రతులుండవలెను; వానిలో నొకటి తుఫాను చేరని దూరపు ఊరిలో నుండవలెను. ఆధారు నకళ్లు, అప్పుల వివరములు ప్రకటన పలక కెక్కరాదు. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో చట్టమే వచ్చినది. చట్టమునకు మూలప్రతి కావలసిన పత్రములను స్కాను చేసితిమని పారవేయరాదు.

కావున రాబోవు మహాజన సభలో సభ్యులు పాలకవర్గమును నాలుగు ప్రశ్న లడుగవలెను. మన దస్త్రముల ప్రతి ఎక్కడెక్కడ నున్నది? సాఫ్టువేరు మార్చుకొనదలచినచో మన దస్త్రములు మన చేతికి వచ్చునా? తెలుగు యూనికోడులో నున్నదా? ఏడాదికొకమారు దాచిన ప్రతిని తెరచి సరిచూచుచున్నారా? ఈ నాలుగింటికి తృప్తికరమైన జవాబు గల సంఘమునకు బీరువా తడిసినను భయము లేదు. గాదెలో ధాన్యమును కాపాడుకొనెడి రైతు తన పేరు వ్రాసియున్న పుటను గూడ కాపాడుకొనవలదా?