ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగా ఉంది: మదర్‌బోర్డు నిజంగా పోయిందా?

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. పోయిన ఆదివారం రాత్రి మా బాబాయ్ ఫోన్ చేశాడు. ఆయనకి తెనాలిలో చిన్న జిరాక్స్ షాపు ఉంది, పెళ్లి కార్డుల డిజైన్లు కూడా చేస్తాడు. "ఒరేయ్, సిస్టమ్ ఆన్ అవ్వట్లేదురా. రిపేరతను చూసి మదర్‌బోర్డు పోయింది, 6,500 అవుద్ది, డేటాకి గ్యారంటీ లేదన్నాడు. బుధవారానికి మూడు పెళ్లి కార్డులు ఇవ్వాలి" అన్నాడు. నాలుగేళ్ల డిజైన్లు అన్నీ అందులోనే. బ్యాకప్ లేదు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని నేనుండి ఆయనకి ఒక్క బ్యాకప్ పెట్టివ్వలేదు, ఆ సిగ్గు గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

నేనున్నది హైదరాబాద్‌లో. సో, వీడియో కాల్. బాబాయ్ ఫోన్ పట్టుకున్నాడు, స్క్రూడ్రైవర్ మా చెల్లి చేతిలో. తను ఇంటర్ సెకండియర్. ఊహ తెలిసినప్పటి నుంచి చేతిలో ఫోనే, సీపీయూ డబ్బా మూత ఎప్పుడూ తీసి చూడలేదు. మీలో చాలామంది అంతే కదా.

ఫోన్‌కీ డెస్క్‌టాప్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. ఫోన్‌లో అన్నీ ఒకే బోర్డు మీద అతికించేసి ఉంటాయి. డెస్క్‌టాప్‌లో ర్యామ్, డిస్క్, ఎస్ఎంపీఎస్ అన్నీ విడివిడి ముక్కలు. ఒక్కోటి తీసి పెట్టి చూస్తే దొంగ దొరుకుతాడు. అందుకే "ఆన్ అవ్వట్లేదు" అనగానే నేను అడిగే మొదటి ప్రశ్న: ఫ్యాన్ తిరుగుతోందా, లేదా?

తిరగట్లేదు, లైట్ కూడా లేదు అంటే కరెంటు లోపలికి వెళ్లట్లేదు. స్విచ్‌బోర్డులో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. డబ్బా వెనకాల ఎస్ఎంపీఎస్ పక్కన చిన్న స్విచ్ ఉంటుంది, ఊడుస్తున్నప్పుడు అది ఆఫ్ అయిపోయిన కేసులు నేనే చూశా. చాలా మానిటర్లకీ సీపీయూకీ ఒకేలాంటి పవర్ కేబుల్ ఉంటుంది, మార్చి పెట్టి చూడండి, రూపాయి ఖర్చు లేదు. లోపల మదర్‌బోర్డు మీద చిన్న లైట్ వెలుగుతూ, బటన్ నొక్కితే మాత్రం ఏమీ అవ్వకపోతే, ముందు ఆ బటన్‌నే అనుమానించాలి. ఇవన్నీ బాగుండీ ఉలుకూ పలుకూ లేకపోతే ఎస్ఎంపీఎస్ మార్చి చూడాలి. కానీ దాని డబ్బా మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జ్ ఉండొచ్చు. ఈ విషయంలో నో ప్రయోగాలు.

బాబాయ్ కేసు అది కాదు. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, మానిటర్ మీద "నో సిగ్నల్" అని వస్తోంది. ఆ అక్షరాలు వస్తున్నాయంటే మానిటర్‌కి ప్రాణం ఉన్నట్టే, దానికి బొమ్మ పంపేవాళ్లే లేరు.

ఎందుకు పంపట్లేదు? పవర్ బటన్ నొక్కగానే విండోస్ రాదు. ముందు మదర్‌బోర్డు మీదున్న బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్ లేచి ప్రాసెసర్ ఉందా, ర్యామ్ ఉందా, డిస్‌ప్లే ఉందా అని హాజరు తీసుకుంటుంది. దీన్ని పోస్ట్ అంటారు, పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. ర్యామ్ "ప్రెజెంట్ సార్" అనకపోతే మామూలుగా కథ అక్కడే ఆగిపోతుంది, స్క్రీన్ దాకా రాదు. పాత సిస్టమ్‌లు అప్పుడు బీప్ కొట్టేవి. ఇప్పుడు చాలా డబ్బాల్లో ఆ బుల్లి స్పీకరే ఉండట్లేదు. కొన్ని కొత్త బోర్డుల మీద మాత్రం సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి, ఏది వెలిగి ఆగిపోతే తేడా అక్కడ.

జిరాక్స్ షాపు అంటే తెలుసుగా, దుమ్ము, కాగితం పొడి. చెల్లితో మెయిన్ ప్లగ్ తీయించా. పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోమన్నా, మిగిలిన కరెంటు ఖాళీ అవ్వడానికి. డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోమన్నా, ఒంట్లో స్టాటిక్ పోవడానికి. తర్వాత క్లిప్పులు వెనక్కి నొక్కి ర్యామ్ పైకి తీసింది. బంగారు రంగు గీతల మీద తన పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి అంతా దులిపి మళ్లీ పెట్టింది. ఆన్ చేస్తే అదే నలుపు.

బాబాయ్ మొహం చూడాలి అప్పుడు. "చెప్పాగా, బోర్డే పోయింది" అంటున్నాడు.

"క్లిక్ అని వినిపించిందా అమ్మా?" అని అడిగా. "ఒక పక్కే వినిపించింది అన్నయ్యా" అంది. విరిగిపోతుందేమోనని భయపడి గట్టిగా నొక్కలేదు! మళ్లీ ప్లగ్ తీయించి, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమానంగా నొక్కమన్నా. టక్, టక్. ఈసారి ఆన్ చేస్తే పది సెకన్లకి కంపెనీ లోగో వచ్చింది. చెల్లి అరుపుకి నా ఇయర్‌ఫోన్స్ అదిరిపోయాయి.

తేదీ మాత్రం తప్పు చూపించింది. అది బోర్డు మీదుండే సీఆర్ 2032 బటన్ సెల్, 3 వోల్టులది, అయిపోయింది. పొద్దున్నే వాచీల కొట్టులో కొత్తది కొని వేశారు.

ర్యామ్‌లు రెండుంటే ఒక్కోటి విడిగా పెట్టి చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డుకి కాదు. ఇవన్నీ చేసినా రాకపోతే అప్పుడు రిపేరుకి తీసుకెళ్లండి, బోర్డు నిజంగానే పోయి ఉండొచ్చు.

కానీ తీసుకెళ్లే ముందు హార్డ్ డిస్క్ లేదా ఎస్ఎస్‌డీ విప్పి ఇంట్లో పెట్టుకోండి. పోస్ట్ దాటుతుందా లేదా చూడటానికి డిస్క్ అక్కర్లేదు. మీ ఫైళ్లుండేది డిస్క్‌లో, మదర్‌బోర్డులో కాదు. బోర్డు కాలిపోయినా డిస్క్ బాగుంటే, దానికి సరిపోయే యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి కాపీ చేసుకోవచ్చు. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం రికవరీ కీ అడుగుతుంది, అది ముందే రాసి పెట్టుకోవాలి.

కార్డులు మంగళవారమే ప్రింటుకి వెళ్లాయి. బాబాయ్ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొన్నాడు, చెల్లి ఫోల్డర్లు కాపీ చేస్తోంది. లోగో వచ్చాక "బూట్ డివైస్ దొరకలేదు" అని ఆగిపోయే కేసు నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం. బై.